బోర్డు వెనకాల తీగె

మార్చి 3

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నాన్న నారింజ చెట్టు నుంచి నాలుగు కొమ్మలు కోసి పంపమని నువ్వు అడగడం ఇది తొమ్మిదో ఏడు. పంపనని నేను రాయడమూ తొమ్మిదో ఏడే. ఇక్కడితో సంతకం పెట్టి ఊరుకోవచ్చు గానీ, నా నోరు ఊరుకోదని నీకు తెలుసు.

అంటు కట్టడమంటే ఏమిటి? ఒకదాని చేయి నరికి ఇంకోదాని భుజానికి కట్టడం. ఏది ఎలా మొలవాలో సృష్టి చేసినవాడు నిర్ణయించాడు. మధ్యలో కత్తి పట్టుకుని దిద్దడానికి నువ్వెవరు? నువ్వు తోటపని బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మవు, ఒప్పుకుంటాను. నేను బోర్డులు రాసి బతికేవాణ్ణి, అక్షరాలకు రంగులు వేస్తూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కానీ పరిశుద్ధ గ్రంథం మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఏడుసార్లు చదివాను. నువ్వు అట్ట కూడా తిప్పలేదు.

ఇప్పుడు విను. నీ కళ్ళు కుట్టాలనే రాస్తున్నాను. ఏడేళ్ళ క్రితం ప్రార్థన జరిగే మన పెరట్లో ఆ చెట్టుకు నేను బోర్డు కట్టించాను కదా, "మాట నిలుచును" అని, నీలం మీద తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి మూరెడు. ఆ చెట్టు ఈ ఏడు పూసిన పూత నాన్న ఉన్న రోజుల్లో కూడా ఎవరూ చూడలేదు. ఆకు కనపడదు. వీధి మొదట్లోకే వాసన వస్తోంది. ఇరవై మంది వచ్చే ప్రార్థనకు అరవై మంది వస్తున్నారు. నిలబడి వింటున్నారు. నేను ఏమీ చెప్పక్కర్లేదు, వేలితో బోర్డు చూపిస్తే చాలు.

గింజ పెట్టింది నాన్న. పూయించింది ఎవరో నీ పుస్తకాల్లో వెతుక్కో.

నీ తమ్ముడు,
దేవుడి మాట మోసే కూలీ

మార్చి 12

ఒరే తమ్ముడూ,

నీ ఉపన్యాసం రేకు రేకు విడదీసి చదివాను, మా బడిలో పువ్వును కోసి బల్ల మీద పరిచినట్టు. చివరికి పనికొచ్చే ముక్క ఒక్కటే మిగిలింది: ఆకు కనపడకుండా పూసింది.

అది మంచి వార్త కాదు. ముసలి చెట్టు ఒక్కసారిగా అంత పూస్తే మాలాంటివాళ్ళు సంతోషించరు, వేరు దగ్గరికి వెళ్ళి కూర్చుంటారు. నేను అక్కడికి రాలేను. నాన్న పోయిన రోజున ఆ గడప తొక్కనని నేనన్నాను, తొక్కనివ్వనని నువ్వన్నావు, ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. ఫోన్ చేస్తే రెండో మాటకే ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాబట్టి కాగితం మీదే అడుగుతున్నాను. మూడింటికి జవాబు రాయి, మధ్యలో ప్రసంగం కలపకు.

ఆకుల రంగు ఎలా ఉంది? కిందటేడు కంటే చిన్నవిగా ఉన్నాయా? బోర్డుకు పైనున్న మాను, కిందున్న మాను ఒకే లావున ఉన్నాయా?

ఇది నీ మీద ప్రేమతో అడగడం లేదు. ఆ ఇల్లు నువ్వు తీసుకున్నావు, పెరడు నువ్వు తీసుకున్నావు, నాన్న కుర్చీ కూడా తీసుకున్నావు. నాకని నేను అడిగింది నాలుగు కొమ్మలు. ఆ పండు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పన్నెండేళ్ళు ఒక్క గింజను కాపాడి ఆయన సంపాదించింది అదొక్కటే. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టు నాకు.

అక్క

మార్చి 24

అసూయకు మందు లేదక్కా,

మూడు ప్రశ్నలు నువ్వు అడిగావు, ముప్ఫై ప్రశ్నలు నా ఒంట్లో మండుతున్నాయి. ముందు ఒకటి తేల్చుకుందాం.

మొన్న మధ్యాహ్నం నేను దుకాణం నుంచి వచ్చేసరికి పెరట్లో ఒకావిడ. కళ్ళజోడు, మెడలో సంచీ, చేతిలో వంకర కత్తి. బోర్డుకూ గోడకూ మధ్య తల దూర్చి వెనకాల ఏదో గీకుతోంది. దొంగతనానికి వేళాపాళా ఉండదా అని అడిగాను. "మీ అక్కగారు చూసి రమ్మన్నారండీ" అంది, నా ముఖం మీదే. నా చేతిలో ఎర్ర రంగు డబ్బా ఉంది. డబ్బాలో ఉన్నది ఆవిడ మీద ఉంది ఇప్పుడు. కుంటుతూ వీధి చివరి దాకా వెళ్ళింది, వీధంతా చూసింది. కొమ్మలు అడిగితే ఇవ్వలేదని కోయించుకుపోవడానికి మనిషిని పంపిస్తావా? తోటలో దూరి మాయమాటలు చెప్పిన పాము కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. దానికి కళ్ళజోడు ఉందని మాత్రం ఎక్కడా చదవలేదు.

ఇక నీ ప్రశ్నలు. ఆకులు చిన్నవే, కొంచెం పసుపు. అన్ని పిందెలు మోసే తల్లికి ముఖం పాలిపోదా? మాను లావు నేను కొలవలేదు, నేను దర్జీని కాను.

ఒక మాట మాత్రం నా అంతట నేనే చెప్తాను, నువ్వు నన్ను చెట్టు విలువ తెలియనివాడి కింద జమకట్టకుండా. చెట్టుకు మేకు కొట్టకూడదని నాన్న ఒట్టు పెట్టించాడు. బోర్డు కట్టిన రోజున వడ్రంగి నాలుగు మేకులు తీశాడు, నేను అతని చెయ్యి పట్టుకున్నాను. మేకు దించితే నొస్తుందయ్యా అన్నాను. ఇనప తీగె తెప్పించి మాను చుట్టూ రెండు చుట్లు చుట్టించి బిగించాను. ఏడేళ్ళలో ఒక్క చుక్క జిగురు కారలేదు. అలా చూసుకున్నాను నీ నాన్న చెట్టును.

తమ్ముడు

ఏప్రిల్ 2

ఒరే మూర్ఖుడా,

ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. క్లాసులో ఉన్నాను. పిల్లలు ఏమైందని అడిగితే, ఒక చెట్టును ఏడేళ్ళుగా ఉరి తీస్తున్నారని చెప్పాను.

మేకు కొట్టి ఉంటే బతికేది. మేకు ఒక చుక్క. చెట్టు ఆ చుక్క చుట్టూ తన పని తాను చేసుకుంటుంది. తీగె ఒక వలయం. వలయం నుంచి తప్పించుకునే దారి లేదు.

గ్రంథం చదివినంత శ్రద్ధగా ఇది చదువు, జీవితంలో ఒక్కసారి. ఆకు వంటిల్లు. వేరు నుంచి నీళ్ళు వస్తాయి, ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాల్లోంచి గాలి వస్తుంది, పొయ్యి ఎండ. ఆ పచ్చరంగు ఉన్నంత సేపూ లోపల చక్కెర వండుతూనే ఉంటుంది. చెట్టులో రెండు దారులు. మాను లోపలి చెక్కలోంచి నీళ్ళు పైకి వెళ్తాయి. బెరడుకు సరిగ్గా లోపలి పొరలోంచి ఆ వండిన తిండి కిందకు, వేరుకు వస్తుంది. ఈ రెండింటి మధ్య కాగితం కంటే పల్చని కణాల పొర ఒకటి ఉంది. ఒక్కో కణం రెండవుతుంది, లోపలిది చెక్క అవుతుంది, బయటిది బెరడు అవుతుంది. మాను లావెక్కేది అందుకే. మాను లావెక్కింది, నీ తీగె లావెక్కలేదు. కిందకు వెళ్ళే దారి కోసుకుపోయింది. పైకి వెళ్ళే దారి లోపల ఉంది కాబట్టి నీళ్ళు అందుతూనే ఉన్నాయి, ఆకులు నిలబడే ఉన్నాయి, నువ్వు చంకలు గుద్దుకుంటూనే ఉన్నావు.

మరి పూత ఎందుకు? తిండి కిందకు దిగే దారి లేక పైనే పోగుపడింది. పైనున్నవాళ్ళు కడుపు పగిలేలా తిన్నారు. కిందున్నవాళ్ళు పస్తు. వేరు పాత నిల్వ తింటూ ఇన్నాళ్ళు లాగింది. నీ అద్భుతం అదిరా, వేరు ఆకలి.

నువ్వు రంగు పోసినావిడ నాతో పాటు పాఠాలు చెప్పే మనిషి. రెండేళ్ళలో రిటైరవుతుంది, మోకాలు బాగోదు. కొయ్యడానికి రాలేదు, బెరడు కొంచెం గీకి లోపల పచ్చిగా ఉందో లేదో చూడ్డానికి వచ్చింది. ఆవిడ చెవి వెనకాల ఎరుపు ఇంకా పోలేదు.

ఈ ఉత్తరం మడవకముందే వెళ్ళి బోర్డు విప్పు.

అక్క

ఏప్రిల్ 15

అక్కా,

విప్పాను. ప్రార్థన అయి అందరూ వెళ్ళిపోయాక, పట్టపగలే, ఒక్కణ్ణే.

తీగె దొరకలేదు. మొదట సంతోషించాను, ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయిందనుకున్నాను, నీకు రాయబోయే మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తర్వాత వేలితో తడిమాను. మాను చుట్టూ ఒక గాడి. గాడి పైన బెరడు వాచిన పెదవిలా పొంగి ఉంది. కింద మాను ఏడేళ్ళ నాటి లావు దగ్గరే ఆగిపోయి ఉంది. పుట్టీ కత్తి మొన గాడిలోకి దించితే లోపల టంగుమంది. వేలెడు లోతున ఉంది తీగె. కటింగ్ ప్లేయరుతో ముక్కలు ముక్కలుగా లాగాను. మూడు గంటలు పట్టింది. ఒక చోట బెరడు తీగెతో పాటే ఊడి వచ్చింది.

బోర్డు మళ్ళీ ముందు ఆనించాను. ఆదివారం జనం వస్తారు.

నువ్వు చెప్పినవన్నీ ఒప్పుకున్నానని అనుకోకు. తీగె చేతే పూయించాలని పైవాడు అనుకుంటే తీగె చేతే పూయిస్తాడు, గ్రంథంలో గాడిద చేత మాట్లాడించినట్టు. కానీ పిందెలు రాలుతున్నాయి. పొద్దున ఊడిస్తే మళ్ళీ మధ్యాహ్నానికి గంపెడు. ఏం చెయ్యాలో రాయి. వెంటనే రాయి. రంగు పోసినందుకు ఆవిడకు నేనే వేరే ఉత్తరం రాసుకుంటాను, దానితో నీకు పనిలేదు.

తమ్ముడు

ఏప్రిల్ 22

తమ్ముడికి,

దారి ఉంది. గాడి మీదుగా వారధి కట్టవచ్చు. గాడికి పై బెరడును, కింది బెరడును కలిపి తిండి మళ్ళీ దిగేలా చెయ్యవచ్చు. నేను నలభైకి పైగా కట్టాను, ముప్ఫై దాకా బతికాయి. నీది బోర్డులు రాసే చెయ్యి, గీత వణకదు, నీకు వస్తుంది.

ఎలాగో ఇప్పుడు రాయను.

ముందు ఆదివారం నీ అరవై మంది ముందు నిలబడు. పూత అద్భుతం కాదని, నీ తీగె వల్ల వచ్చిందని, చెట్టు చస్తోందని నీ నోటితో చెప్పు. చెప్పానని నువ్వు రాస్తే నమ్మను. విన్నవాళ్ళలో ఒకరి సంతకం కావాలి.

ఎందుకంటావా, నిన్ను ఎరుగుదును కాబట్టి. ఊరికే రాసి పంపితే నువ్వు వారధి కడతావు, చెట్టు చిగురిస్తుంది, మర్నాడే "రెండో అద్భుతం" అని బోర్డు రాస్తావు. నాన్న పన్నెండేళ్ళ పని, నా ముప్ఫై ఏళ్ళ పని కలిసి నీ ప్రసంగంలో ఒక పిట్టకథ అవుతాయి. తొమ్మిదేళ్ళు నువ్వు వద్దంటే నేను భరించాను. నువ్వు ఒక్క ఆదివారం భరించు.

అక్క

ఏప్రిల్ 29

పంతులమ్మ గారికి,

రోగి బల్ల మీద ఉంటే బేరమాడే డాక్టరును ఏమంటారో తెలుసా? నేను ముప్ఫై ఏళ్ళుగా శాపాలు చదువుతున్నాను, నీకు సరిపోయేది ఇంకా దొరకలేదు.

నేను నా పరువు కోసం చూస్తున్నానని అనుకుంటున్నావు. ఒక మనిషి గురించి చెప్తాను. బస్సు డ్రైవరు, అందరూ బ్రేకుల మామ అంటారు. పద్దెనిమిదేళ్ళు తాగాడు. భార్య చెయ్యి రెండు చోట్ల విరిచాడు. ఈ పూత చూడ్డానికి వచ్చి చెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. అప్పటి నుంచి ముట్టలేదు, నేటికి యాభై ఆరు రోజులు. ఆవిడ వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. ఇప్పుడు నేను లేచి అదంతా ఇనప తీగె మహిమ అని చెప్పాలా? అతను సాయంత్రానికి సీసా పట్టుకుంటే ఆ చెయ్యికి మూడో చోట నువ్వు కట్టు కడతావా?

చెట్టు కంటే మనిషి గొప్పవాడు. ఇది నీ పుస్తకంలో లేదు, నా దాంట్లో ఉంది.

ఎలా కట్టాలో రాయి. షరతు లేకుండా రాయి.

తమ్ముడు

మే 4

తమ్ముడికి,

చెట్టుకు నీ డ్రైవరు తెలియదు. రోజుకు కొన్ని వేళ్ళ కొనలు చస్తుంటాయి, అది మాత్రం తెలుసు. అబద్ధం మీద నిలబడ్డ మనిషిని ఎన్నాళ్ళు పట్టుకుంటావు, పూత ఉన్నన్నాళ్ళా? పూత ఇప్పటికే లేదు కదా.

సంతకం పంపు.

అక్క

మే 10

అక్కా,

చెప్పాను.

బోర్డు తీసి నేల మీద పడుకోబెట్టాను. గాడి చూపించాను. తీగె ముక్కలు పళ్ళెంలో పెట్టి అందరి చేతికీ ఇచ్చాను. నువ్వు రాసిన వంటిల్లు, రెండు దారులు, పస్తులున్న వేరు, అన్నీ నీ మాటల్లోనే చెప్పాను, నీ పేరు పెట్టే చెప్పాను. మూడు నెలలుగా నేను చూపించింది మహిమ కాదు, నా చేతి తప్పు అన్నాను. నా గొంతు ఎప్పుడూ వెనక వరుస దాకా వినపడుతుంది. ఆ రోజు నాకే వినపడలేదు.

ముందు వరుసలోని వాళ్ళే ముందు లేచారు. ఒక పెద్దాయన, ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళను చేశావా అని అడిగి సమాధానం కోసం ఆగకుండా వెళ్ళాడు. చివరికి పద్నాలుగు మంది మిగిలారు.

డ్రైవరు మిగిలాడు. నేను అతని వైపు చూడలేకపోయాను. అతనే దగ్గరికొచ్చి, "పూలు చూసి మానేస్తే పూలు రాలినప్పుడే మొదలెట్టేవాణ్ణి అయ్యగారూ. మా ఆవిడ చెయ్యి చూసి మానేశాను. మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. ఏడుపు వస్తే కూర్చోవడానికి నీడ కావాలి కదా అని కూడా అన్నాడు.

కింద సంతకం అతనిదే. ఇంకొకటి. నువ్వు తొమ్మిదేళ్ళుగా అడిగిన కొమ్మలు ఈ ఉత్తరంతో పాటే అతని బస్సులో పంపుతున్నాను, నాలుగు కాదు, పన్నెండు. తడి ఆరకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాను. నా సిద్ధాంతం మారలేదు. చెయ్యి మాత్రం కోసింది.

ఇప్పుడైనా రాయి.

తమ్ముడు

(పైన రాసింది నిజం. నేను విన్నాను. డ్రైవర్)

మే 13

తమ్ముడూ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. నీ డ్రైవరు చేతికే ఇస్తున్నాను, సాయంత్రానికి అందుతుంది. కత్తి, మైనం కూడా ఇతని దగ్గరే ఉన్నాయి.

పెన్సిలంత లావున్న పచ్చి కొమ్మలు ఏడు కొయ్యి, గాడి వెడల్పు కంటే జానెడు పొడుగు. ఆకులు తీసెయ్యి. రెండు చివరలూ ఏటవాలుగా చెక్కు, ఒక్క కోతతో, రెండోసారి గీకకు. గాడికి పైన ఒకటి, కింద ఒకటి, బెరడు మాత్రమే తెగేలా గాటు పెట్టి తలుపులా తెరువు. కొమ్మ ఒక చివర పై గాటులోకి, ఇంకో చివర కింది గాటులోకి దూర్చు. కొన పైకే ఉండాలి, తలకిందులు చేస్తే పని చెయ్యదు. మధ్యలో విల్లులా కొంచెం వంగాలి, గాలికి మాను ఊగినప్పుడు ఊడకుండా. గుడ్డపేలికతో కట్టి మైనం పొయ్యి. తెల్లటి కోత మీద నీ వేలు తగలకూడదు, అక్కడున్న కణాలు ఆరిపోతే అతుక్కోవు. మాను చుట్టూ సమాన దూరంలో ఏడూ కట్టు. ఉన్న పిందెలన్నీ కోసి పారెయ్యి. పండు గురించి ఆశపడకు.

నువ్వు పంపిన కొమ్మలు అందాయి. రంగు డబ్బాలో పెట్టావు. కడిగే ఉంటావు, కానీ టర్పెంటైన్ ఆవిరి పోదు, మూత బిగిస్తే అసలు పోదు. పన్నెండూ నల్లబడ్డాయి. తడిగుడ్డలో చుట్టి ఇంకో కట్ట పంపు.

త్వరగా.

అక్క

జూన్ 26

అక్కా,

నీ ఉత్తరం అందిన పూటే కట్టాను. ఏడు కొమ్మల కోసం చెట్టంతా వెతికాను. చాలా కొమ్మలు గోటితో గీకితే లోపల గోధుమ రంగు. పచ్చిగా ఉన్నవి సరిగ్గా ఏడు దొరికాయి, అన్నీ వారధులకే పోయాయి. నీకు రెండో కట్ట పంపకపోవడానికి కారణం అదే, పంతం కాదు. డ్రైవరు దీపం పట్టుకున్నట్టు మైనం గిన్నె పట్టుకున్నాడు. కోత ఒక్కటే కోశాను, వేలు తగలనివ్వలేదు. నా జీవితంలో ఏ అక్షరమూ అంత శుభ్రంగా రాయలేదు.

పది రోజులకు రెండింటి మీద మొగ్గ ఉబ్బింది. నీకు రాద్దామని కాగితం తీశాను. రాయలేదు, మళ్ళీ ముందే డప్పు కొట్టినవాణ్ణి అవుతానని. మూడో వారానికి ఆ రెండూ ముడుచుకుపోయాయి. మైనం తీసి చూస్తే పై చివర అతుక్కుంది, కింది చివర అతుక్కోలేదు. నీతో పాటు పాఠాలు చెప్పే ఆవిడ వచ్చింది. నా క్షమాపణ ఉత్తరానికి జవాబు రాయకుండా తానే వచ్చింది. తవ్వి ఒక వేరు తీసి వేళ్ళతో నలిపి చూపించింది. తొక్క చేతిలోకి ఊడి వచ్చింది. "ఇది మే మొదట్లో ఇలా ఉండి ఉండదండీ" అంది. నీ స్నేహితురాలు కాబట్టి మిగతాది అనదు.

నేను అంటాను. వాక్యం చదివేవాడికి లెక్క తప్పకూడదు కాబట్టి తేదీలు చూసి అంటున్నాను. దారి ఉందని నువ్వు రాసింది ఏప్రిల్ ఇరవై రెండున. దారి చెప్పింది మే పదమూడున. ఆ తీగె నేను ఏడేళ్ళు కట్టాను. నువ్వు ఇరవై ఒక్క రోజులు కట్టావు. నాది తెలియక, నీది తెలిసి. నా పాపం నేను అరవై మంది ముందు చెప్పాను. నీది ఎవరి ముందు చెప్తావో నీ ఇష్టం.

చెట్టు మీద ఇప్పుడు ఆకు లేదు. ఎండుకట్టె. నరకడానికి మనిషిని పిలిచాను, రేపో ఎల్లుండో వస్తాడు.

ఇవాళ పొద్దున మొదలు చుట్టూ గడ్డి పీకుతుంటే, గాడికి జానెడు కింద, గోడ వైపు, రెండు చిగుళ్ళు కనపడ్డాయి. అగ్గిపుల్లంత ఉన్నాయి, ముదురు ఆకుపచ్చ. అంటు చెట్లకు అలా కింద నుంచి వచ్చేవి దొంగ కొమ్మలని నాన్న తుంచేసేవాడు, నాకు గుర్తుంది. ఇది అంటు చెట్టు కాదు, గింజ చెట్టు. దీనికి కింద వచ్చినదీ నాన్న చెట్టే అవుతుందో, ఇంకేదో అవుతుందో నాకు తెలియదు. నా గ్రంథంలో వెతికాను, లేదు.

తుంచాలా, ఉంచాలా? నరికేవాణ్ణి ఎంత ఎత్తులో ఆపమనాలి? ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు మీ బడి గేటు దగ్గరే నిలబడి ఉంటాడు, జవాబు తీసుకుని గానీ కదలడు.

ఈసారి షరతు లేకుండా రాయి.

తమ్ముడు